నాన్న షుగర్ పుస్తకంలో అంకెలన్నీ కల్పితాలే, ఏం చేయాలో తోచడం లేదు

చిన్నకూతురు

నాన్నకి 74. షుగర్ వచ్చి 19 ఏళ్లు. అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. ఒక్కరే ఉంటున్నారు, మా ఇంటికి రమ్మంటే రానంటారు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "షుగర్ ఎంత వచ్చింది నాన్నా" అని అడుగుతాను. ఆయన చెప్తారు, నేను రాసుకుంటాను. ఆయన కూడా ఒక పుస్తకంలో రాసుకుంటారు. మూణ్ణెల్లకోసారి చేసే ఏ1సీ పరీక్ష (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పేది) కూడా 6.7 వచ్చింది. అంతా బాగానే ఉందని నిశ్చింతగా ఉన్నాను.

మొన్న శనివారం వెళ్లాను. టేబుల్ మీద ఆ పుస్తకం కనబడితే తెరిచాను. మూడు పేజీల నిండా 112, 118, 121, 115. పొద్దుటివీ రాత్రివీ అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలులో, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. ఎందుకో అనుమానం వచ్చి మీటరు తీసి మెమరీలో వెనక్కి వెళ్లాను. పద్నాలుగు రోజుల్లో పరీక్ష చేసుకున్నది ఐదేసార్లు. 243, 61, 198, 67, 231. ఈ ఐదింటిలో ఒక్కటీ పుస్తకంలో లేదు.

అడిగితే ముందు మీటరు పాడైందన్నారు. రెట్టించి అడిగేసరికి, "నీకు కావాల్సిన అంకె నీకు చెప్తూనే ఉన్నాను కదా, ఇంకేం కావాలి" అన్నారు. ఆ మాటకి నాకు నోట మాట రాలేదు. వచ్చేశాను. నిన్నటి నుంచి ఫోన్ కూడా ఎత్తడం లేదు.

కోపంగా ఉంది, అంతకంటే భయంగా ఉంది. ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా?

కొత్తపెన్ను

మా అమ్మ పుస్తకంలోనూ అన్నీ 120లే. అన్నీ సున్నాతో ముగిసేవే. మీటరు అలా చూపించదు కదా, అక్కడే దొరికిపోయింది.

లెక్కలమాస్టారు

ఇందులో ఆలోచించడానికేం లేదమ్మా. పెద్దవాళ్లు ఒక వయసు దాటాక పిల్లల్తో సమానం. మాత్రలు మీ చేతిలోకి తీసుకోండి. చేతికి అంటించే సెన్సర్ పెట్టించండి, రీడింగ్ నేరుగా మీ ఫోన్‌కే వస్తుంది, అబద్ధానికి అవకాశమే ఉండదు. మా అమ్మకి నేను అలాగే చేశాను. మూడేళ్లుగా ఆవిడ షుగర్ ఎప్పుడూ గాడి తప్పలేదు. మొదట్లో నా మీద కోపం తెచ్చుకుంది, తర్వాత సర్దుకుంది.

రాత్రిడ్యూటీ

చిన్నకూతురు గారూ, మిగతా చర్చ తర్వాత. నిన్నటి నుంచి ఫోన్ ఎత్తడం లేదన్నారు. ఇవాళ ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేకపోతే ఇప్పుడే ఎవరినైనా పంపండి.

రెండోది, మాత్రల పేర్లు రాయండి. 243 కంటే ఆ 61, 67 నన్ను ఎక్కువ భయపెడుతున్నాయి.

చిన్నకూతురు

పక్కింటావిడని పంపాను. టీవీ చూస్తున్నారట, బాగానే మాట్లాడారట. నా మీద అలిగారు, అంతే.

మాత్రలు: మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, గ్లిమిపిరైడ్ పొద్దున. ఇంకా బీపీకి ఒకటి. ఇదివరకు అన్నీ అమ్మే తీసి చేతిలో పెట్టేది. ఏ మాత్ర ఎందుకో నాన్నకి ఇప్పటికీ తెలియదు, రంగు చూసి వేసుకుంటారు. ఇంకో సంగతి, ఫ్రిజ్ తెరిస్తే నేను వారం కిందట పెట్టి వచ్చిన కూర డబ్బా మూత కూడా తీయలేదు. మధ్యాహ్నం ఒక్కసారి తింటారని పక్కింటావిడ చెప్పింది.

రాత్రిడ్యూటీ

నేను అనుకున్నదే. అందరూ చదువుతారని కొంచెం వివరంగా రాస్తాను.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. అది ప్యాంక్రియాస్‌ని (క్లోమగ్రంథిని) తట్టి, షుగర్‌ని దించే ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మనిషి తిన్నాడా లేదా అన్నది దానికి తెలియదు. మాత్ర పొద్దున్నే లోపలికి వెళ్లింది, తిండి మధ్యాహ్నానికి గానీ వెళ్లలేదు. మధ్యలో షుగర్ పడిపోతుంది. 70 కిందకి వస్తే లో షుగర్, 54 కిందకి వస్తే ప్రమాదం. ఆకలికి తట్టుకోలేక ఒక్కసారే ఎక్కువ తింటారు, అప్పుడు 240 చూపిస్తుంది. ఏ1సీ ఈ రెండింటి సగటు లాంటిది కాబట్టి 6.7 అని అందంగా కనబడుతుంది. మీరు సంతోషించిన ఆ 6.7లో కొంత భాగం లో షుగరే అయుండొచ్చు.

వయసు పైబడినవాళ్లలో లో షుగర్ అంటే చేతులు వణకడం, చెమటలు పట్టడం మాత్రమే కాదు. తికమకగా మాట్లాడటం, ఊరికే కునుకు పట్టడం, చిరాకు, తూలి పడిపోవడం కూడా అదే. ఇంట్లో వాళ్లు "వయసైపోయింది కదా" అనుకుంటారు. ఆయన బీపీ మాత్ర గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ రకమైతే వణుకు, గుండెదడ సరిగ్గా తెలియవు కూడా. చెమట ఒక్కటే గుర్తుగా మిగులుతుంది.

మెలకువగా ఉంటే సుమారు 15 గ్రాముల చక్కెర నీళ్లలో కలిపి గానీ, అర గ్లాసు పండ్ల రసం గానీ ఇచ్చి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వాలి. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. స్పృహలో లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే అంబులెన్స్. ఈ రకం మాత్రల వల్ల పడిపోయిన షుగర్ ఒకసారి లేచి, కొన్ని గంటల తర్వాత మళ్లీ పడొచ్చు. అందుకే ఆ రోజు మనిషిని ఒంటరిగా వదలకూడదు.

రేపే డాక్టర్‌తో మాట్లాడండి. పుస్తకం కాదు, మీటరు పట్టుకెళ్లండి. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, మార్చొద్దు. ఈలోగా తినకుండా ఆ గ్లిమిపిరైడ్ వేసుకోవద్దని ఒక్క మాట ఆయనకి చెప్పండి చాలు.

లెక్కలమాస్టారు

చూశారా. నేను చెప్పిందీ అదే. పర్యవేక్షణ లేకపోతే ప్రాణాల మీదికి వస్తుంది.

డెబ్భైదాటింది

మాస్టారూ, నేను ఆ పుస్తకం రాసేవైపు మనిషిని. నాకు 71, ఇన్సులిన్ వాడుతున్నాను. మా అబ్బాయికి ఏడాదిన్నర పాటు దొంగ అంకెలు చెప్పాను. ఎందుకో చెప్తాను, వినండి.

నిజం చెప్పిన ప్రతిసారీ ఏదో ఒక శిక్ష పడేది. 210 అంటే "ఏం తిన్నావు, ఎవరు పెట్టారు" అని ఆరా. 65 అంటే ఇంకా ఘోరం, "నువ్వింక ఒక్కడివే ఉండకూడదు" అని ఇల్లు ఖాళీ చేయించే మాటలు. ఒకసారి బాత్‌రూమ్ దగ్గర కళ్లు తిరిగి గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. చెప్తే నా తలుపు తాళం నా చేతిలో ఉండదని భయపడి ఎవరికీ చెప్పలేదు. 115 అని చెప్తే మాత్రం "గుడ్, నాన్నా" అని ఫోన్ పెట్టేసేవాడు. 115 అంటే ముప్ఫై సెకన్లలో అయిపోయే ఫోన్.

మా మనవరాలు నా మీటరుకి "తాతయ్య మార్కుల కార్డు" అని పేరు పెట్టింది. అది విని అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే అదే నిజమనిపించింది. మార్కులకి తిట్లు పడుతుంటే ఏ పిల్లాడైనా మార్కులు దిద్దుకుంటాడు.

చిన్నకూతురు గారూ, మీ నాన్న అన్న మాట ఇంకోసారి చదవండి. "నీకు కావాల్సిన అంకె." ఆయన అబద్ధం చెప్పి మోసం చేయాలనుకోలేదు, మిమ్మల్ని సంతోషపెడుతున్నాననుకున్నారు.

చిన్నకూతురు

ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఫోన్ కూడా అంతే. అంకె అడగడం, రాసుకోవడం, పెట్టేయడం. అమ్మ పోయాక నేను ఆయన్ని "ఎలా ఉన్నావు" అని అడిగిన రోజు గుర్తు రావడం లేదు.

కొత్తపెన్ను

డెబ్భైదాటింది గారూ, మరి మీ విషయంలో ఎలా మారింది?

డెబ్భైదాటింది

అబ్బాయి ఒకసారి వచ్చి నాలుగు రోజులున్నాడు. వాడు నాతో పాటు తన వేలు కూడా పొడుచుకుని చూసుకున్నాడు. తినగానే వాడిది కూడా 140 దాకా వెళ్లింది. "ఇది పెరిగి తగ్గేదేనా నాన్నా, నేనిన్నాళ్లూ స్థిరంగా ఉండాలనుకున్నాను" అన్నాడు. అప్పట్నుంచి అంకె అడగడు. "ఇవాళ ఎవరితో కలిసి తిన్నావు" అని అడుగుతాడు. దాంట్లోనే అన్నీ బయటికొస్తాయి. అంకె నేనే చెప్తాను.

ఒక ఒప్పందం కూడా చేసుకున్నాం. 70 కిందకి వస్తే వాడికి చెప్పాలి, వాడు ఆ రోజు ఇల్లు మారే మాట ఎత్తకూడదు.

లెక్కలమాస్టారు

మీ అబ్బాయి అదృష్టవంతుడు, మీకు అన్నీ తెలుస్తున్నాయి. మా అమ్మకి మతిమరుపు మొదలైంది. మాత్ర వేసుకున్నానో లేదో తెలియక రెండోసారి వేసుకున్న రోజులున్నాయి. అలాంటి మనిషిని "ఎవరితో తిన్నావు" అని అడుగుతూ కూర్చోవాలా? నాకు ఆవిడ మీద ప్రేమ లేక కాదు మందుల డబ్బాకి తాళం వేసింది.

రాత్రిడ్యూటీ

మాస్టారు గారు చెప్పిందీ నిజమే, ఆ ఇల్లు వేరు. మతిమరుపు ఉంటే మందులు ఇంకొకరి చేతిలోనే ఉండాలి, అనుమానం లేదు. అసలు 65 దాటిన షుగర్ పేషెంట్లకి ఏడాదికోసారి జ్ఞాపకశక్తి పరీక్ష చేయమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాల్లోనే ఉంది. మతిమరుపు వల్ల మందులు తారుమారై షుగర్ పడిపోతుంది, తీవ్రంగా షుగర్ పడిపోయినవాళ్లలో మతిమరుపు ఎక్కువగా కనబడుతుంది. రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి.

కానీ అన్నీ గుర్తున్న మనిషి దగ్గర్నుంచి మందుల డబ్బా లాక్కుంటే ఆ మనిషి ఇంకేదో దాచడం మొదలుపెడతాడు. మా వార్డులో చూస్తుంటాను. పిల్లలు పక్కన ఉంటే ఒక కథ చెప్తారు, వాళ్లు కాఫీకి వెళ్లగానే ఇంకో కథ చెప్తారు.

సెన్సర్ మంచిదే, ముఖ్యంగా లో షుగర్ అలారం కోసం. ఆయన్ని అడిగి, ఆయనకి ఇష్టమై పెట్టుకుంటేనే మంచిది. అది చర్మం కింది ద్రవంలో కొలుస్తుంది కాబట్టి రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది, ఇదీ గుర్తుంచుకోండి.

ఫార్మసిస్టుని

ఇన్సులిన్ వాడేవాళ్ల ఇళ్లలో ఇంకో మాట. ఒక పెద్దాయన డోసు పెంచుతూ పోతున్నా షుగర్ దిగడం లేదు. వాళ్లమ్మాయి "మందు నకిలీదేమో" అని నా దగ్గరికి వచ్చింది. పొట్ట చూపించమన్నాను. బొడ్డుకి కుడిపక్కన నిమ్మకాయంత మెత్తటి గడ్డ. ఏళ్ల తరబడి సూది అక్కడే పొడుస్తున్నారు, అక్కడ నొప్పి తెలియదు కాబట్టి. అలాంటి గడ్డలోకి పోయిన ఇన్సులిన్ ఒంటికి సరిగ్గా అందదు, ఒకరోజు తక్కువ, ఒకరోజు ఎక్కువ. చోటు మార్చాలి. కానీ ఒక్కసారిగా మార్చి అదే డోసు వేస్తే షుగర్ దబ్బున పడిపోవచ్చు, డాక్టర్‌ని అడిగి తగ్గించుకోవాలి.

ఆ గడ్డని ఆ ఇంట్లో రెండేళ్లుగా ఎవరూ చూడలేదు. రోజూ షుగర్ ఎంత అని మాత్రం అడిగారు.

సాయంత్రంనడక

నా భర్తకి 72, నాకు 67. ఆయనకి షుగర్, కంటిచూపు తగ్గింది, ఇన్సులిన్ వేసుకునే పెన్ను మీద డోసు అంకె కనబడదు. డయల్ తిప్పితే వచ్చే టిక్కులు ఇద్దరం కలిసి లెక్కపెడతాం. రాత్రి మూడుసార్లు లేస్తారు, నేనూ లేస్తాను. పిల్లలు ఫోన్ చేస్తే "నాన్న ఎలా ఉన్నారు" అంటారు. నన్నెవరూ అడగరు. మొన్న నా బీపీ మాత్రలు అయిపోయి తొమ్మిది రోజులైందని నాకే తెలియలేదు. మీరంతా తోడు గురించి రాస్తున్నారు. తోడున్న మనిషికి తోడెవరని అడగాలనిపించింది.

చిన్నకూతురు

అమ్మ ఇలాగే ఉండేదేమో. మేమూ అడగలేదు.

రాత్రిడ్యూటీ

సాయంత్రంనడక గారూ, రేపు మీ బీపీ చూపించుకుని వచ్చి ఇక్కడ రాయండి. అడుగుతాను.

మీరన్నది మీ ఒక్కరి బాధ కాదు. 2013లో డాన్2 అనే పెద్ద అధ్యయనం వచ్చింది, 17 దేశాల్లో చేశారు. షుగర్ ఉన్నవాళ్లనే కాకుండా వాళ్ల ఇళ్లలోని రెండు వేలమందికి పైగా కుటుంబ సభ్యులనూ అడిగారు. ఎలా సాయపడాలో తెలియక సతమతమవుతున్నామని మూడోవంతుకు పైగా మంది చెప్పారు.

వీలైతే వారంలో ఒక రాత్రి ఇంకెవరైనా ఆయన దగ్గర పడుకునేలా చూడమని పిల్లల్ని సూటిగా అడగండి. "ఎప్పుడైనా రండి" అంటే ఎవరూ రారు. "గురువారం రాత్రి నువ్వు రా" అంటే వస్తారు.

ఒక్కడినే68

నాలుగు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. అందరికీ ఫోన్ చేసి విసిగించే పిల్లలున్నారు. నాకు పెళ్లి కాలేదు, అన్నయ్య పోయాడు. ఏడేళ్లుగా షుగర్. రాత్రి పడుకునేటప్పుడు షుగర్ పడిపోతే పొద్దున ఎవరికి తెలుస్తుందని ఆలోచిస్తుంటాను. ఆ భయంతో పడుకునే ముందు కావాలని కొంచెం ఎక్కువ తింటాను. పొద్దున 200 దాటుతుంది. డాక్టర్ తిండి తగ్గించమంటారు. ఎందుకు తింటున్నానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

కొత్తపెన్ను

చెప్పండి సార్. ఇది చెప్తే మందు మారుస్తారు కదా.

గణాంకాలపిచ్చి

ఒక్కడినే68 గారికి పనికొచ్చే మంచి అధ్యయనం ఒకటి ఉంది. అమెరికాలో మాజీ సైనికుల మీద చేసింది, 2010లో వెలువడింది. ఏ1సీ 7.5 దాటిన 244 మంది మగవాళ్లు. కొందర్ని జంటలుగా కలిపారు, ఇద్దరూ షుగర్ పేషెంట్లే. వారానికోసారి ఒకరికొకరు ఫోన్ చేసుకోవడమే పని. మిగతావాళ్లకి నర్సు ద్వారా మామూలు పద్ధతిలో సంరక్షణ. ఆరు నెలల తర్వాత జంటల్లో ఉన్నవాళ్ల ఏ1సీ సగటున 0.29 తగ్గింది, రెండో గుంపులో 0.29 పెరిగింది. అంటే ఫోన్ చేసేది డాక్టరే అయుండక్కర్లేదు, కొడుకే అయుండక్కర్లేదు.

అదే ఏడాది ఇంకోటి వచ్చింది, 148 అధ్యయనాల్ని, 3,08,849 మందిని కలిపి చూసింది. మనుషులతో గట్టి సంబంధాలున్నవాళ్లు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది.

లెక్కలమాస్టారు

రెండో దాంతో ఒప్పుకోను. ఒంట్లో బాగున్నవాడే నలుగురితో తిరుగుతాడు. చెట్టు ముందా విత్తు ముందా? స్నేహితులుంటే షుగర్ తగ్గుతుందని జనం మందులు మానేస్తే ఎవరిది బాధ్యత?

గణాంకాలపిచ్చి

సరైన ప్రశ్నే. 148 వాటిలో ఆ సందేహం పూర్తిగా పోదు, చాలావాటిలో మొదట్లో ఆరోగ్యం ఎలా ఉందో కూడా లెక్కలోకి తీసుకున్నారు, అంతవరకు చెప్పగలను. ఫోన్ జంటల సంగతి వేరు. అక్కడ ఎవరు ఏ గుంపో చీటీ వేసినట్టు పంచారు, ఆరోగ్యవంతులే ఒకవైపు చేరే వీల్లేదు. మందులు మానేయమని ఎవరూ అనలేదు. ఆ జంటల్లో ఇన్సులిన్ మొదలుపెట్టడానికి ఒప్పుకున్నవాళ్లు కూడా రెండో గుంపు కంటే ఎక్కువ. తోడు దొరికాక మందు మీద భయం తగ్గింది.

మళ్లీబయటికి

మా పిన్ని బయటికి రావడం ఎందుకు మానేసిందో మాకు ఏడాది దాకా అర్థం కాలేదు. దిగులు అనుకున్నాం. తీరా చూస్తే రెండు కారణాలు. ఒకటి, షుగర్ ఎక్కువై మూత్రం ఆగడం లేదు, నలుగురిలో బట్టలు తడుస్తాయని భయం. నీళ్లు తాగడం కూడా మానేసింది, దాంతో ఇంకా నీరసం. రెండు, చెవులు. షుగర్ ఉన్నవాళ్లలో వినికిడి తగ్గడం మిగతావాళ్ల కంటే సుమారు రెట్టింపట, మాకు తెలియదు. మాటలు వినబడక, మాటిమాటికీ "ఆఁ?" అనడానికి సిగ్గుపడి గదిలోనే కూర్చునేది.

చెవి మిషన్ పెట్టించాం, మందు మార్చారు. ఇప్పుడు పొద్దున్నే మా అందరికంటే ముందు గేటు తీస్తుంది. మందలించి లాభం లేదు, ముందు ఏది అడ్డమో చూడాలి.

పాదరక్ష

షుగర్ ఉన్న ప్రతి ఇంట్లో ఒకరికి ఒక పని అప్పగించండి, రోజూ అరికాళ్లు చూడటం. నరాలు దెబ్బతింటే నొప్పి తెలియదు. మా నాన్న చెప్పులో చిన్న రాయి పడితే సాయంత్రం దాకా దాని మీదే నడిచారు. సాక్సు విప్పితే రక్తం. వంగి చూసుకోలేనివాళ్లకి నేల మీద అద్దం పెడితే కనబడుతుంది. వేడినీళ్లలో కాళ్లు పెట్టుకునే ముందు నీళ్లలో మోచెయ్యి పెట్టి చూడాలి, కాలికి ఆ వేడి తెలియదు.

డెబ్భైదాటింది

ఒక్కడినే68 గారూ, ఆ సైనికుల్లాగా మనిద్దరం చేద్దామా? నేను పొద్దున ఆరున్నరకే లేస్తాను. మీరు లేవగానే ఏదో ఒకటి పంపండి, అంకె పంపకపోయినా పర్లేదు. ఏడున్నర దాకా ఏమీ రాకపోతే నేను ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే ఎవరికి చెప్పాలో ఆ పేరు, నెంబరు ముందే ఇవ్వండి. నాకూ అలాగే మీరు.

నిర్వాహకురాలు

ఫోన్ నెంబర్లు, ఇంటి వివరాలు ఇక్కడ బహిరంగంగా పెట్టకండి. విడి సందేశాల్లో పంపుకోండి. ఇంకో ఇద్దరు కూడా జత కావాలని నాకు రాశారు, వాళ్లని కలుపుతున్నాను.

ఒక్కడినే68

పంపాను. పై అంతస్తులో ఉండే కుర్రాడి నెంబరు కూడా ఇచ్చాను. ఆ కుర్రాడిని అడగడానికి రెండు రోజులు మొహమాటపడ్డాను. అడిగితే "తాళం చెవి ఒకటి నా దగ్గర పెట్టండి అంకుల్" అన్నాడు.

చిన్నకూతురు

డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాం. చాలామంది అడిగారు కాబట్టి రాస్తున్నాను.

మొన్న రాత్రి ఆయన ఇంటికే వెళ్లాను. షుగర్ మాటెత్తలేదు. ఇద్దరం కలిసి తిన్నాం. రెండు కంచాలు పెడుతుంటే ఆయన అలా చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఆయనే అన్నారు, "ఒక్కడికి వడ్డించుకుని కూర్చుంటే ముద్ద దిగదమ్మా, అందుకే సాయంత్రం తినబుద్ధి కాదు" అని. పొద్దున కళ్లు బైర్లు కమ్మి రెండుసార్లు మంచం మీద కూలబడ్డారట. చెప్తే నేను తీసుకుపోతానని చెప్పలేదు. డెబ్భైదాటింది గారు రాసిందే, పొల్లు పోకుండా.

డాక్టర్ మీటరు మెమరీ చూసి గ్లిమిపిరైడ్ ఆపేశారు, వేరే మాత్ర రాశారు. ఈ వయసులో, ఒంటరిగా ఉంటూ, లో షుగర్ వస్తున్న మనిషికి ఏ1సీ 7 లోపే ఉండాలన్న పట్టుదల వద్దు, 8 లోపు ఉంటే చాలు అన్నారు. నేను ఆశ్చర్యపోయాను. ఇది మా నాన్నకి చెప్పిన మాట, ఎవరికి వారు అడిగి తెలుసుకోండి. అమ్మ పోయాక నిద్ర ఎలా ఉంది, దేని మీదైనా ఆసక్తి ఉందా అని కూడా అడిగారు. నాన్న సమాధానం చెప్పడానికి చాలాసేపు పట్టింది. వచ్చే వారం దానికోసమే మళ్లీ రమ్మన్నారు.

రాత్రిడ్యూటీ

మంచి డాక్టర్. 2008లో అకార్డ్ అనే పెద్ద ప్రయోగంలో 10,251 మందిలో సగం మందికి ఏ1సీ 6 లోపు దించాలని గట్టిగా ప్రయత్నించారు. ఆ సగంలోనే మరణాలు ఎక్కువ కావడంతో ఆ చికిత్సని మధ్యలోనే ఆపేశారు. ఎంత తగ్గితే అంత మంచిదని అందరి విషయంలో అనలేం.

లెక్కలమాస్టారు

ఇవాళ అమ్మ దగ్గర కూర్చుని మాత్రలు నేను తీస్తుంటే డబ్బా గళ్లలో తనే వేసింది. ఒకటి తప్పు గడిలో వేసింది, చూసి తనే తీసి మార్చింది. తాళం నా దగ్గరే ఉంది. కానీ పొద్దున గళ్లు నింపే పని ఇకనుంచి ఆవిడదే.

సాయంత్రంనడక

బీపీ 168. మాత్రలు తెచ్చుకున్నాను. గురువారం రాత్రికి పెద్దబ్బాయి వస్తానన్నాడు.

చిన్నకూతురు

నాన్న కొత్త పుస్తకం మొదలుపెట్టారు. మొదటి పేజీలో 187, 94, కొట్టేసిన 210, దాని పక్కన 201. కింద "చేతులు కడుక్కోకుండా చూశాను" అని చిన్న అక్షరాలతో రాశారు.

ఒక్కడినే68

7.05. 163. రాత్రి మామూలుగానే తిన్నాను, ఎక్కువ తినలేదు.

డెబ్భైదాటింది

చూశాను. నాది 148. అరికాళ్లు చూసుకున్నారా?

ఒక్కడినే68

ఎడమది బాగుంది. కుడిది అద్దంలో సరిగ్గా కనబడటం లేదు, కళ్లద్దాలు ఎక్కడో పెట్టాను.

డెబ్భైదాటింది

వెతుక్కుని రండి. ఇక్కడే ఉంటాను.